ఇంటి తాళాలు చేతికొచ్చాక చికిత్స ఎందుకు ఆగిపోతోంది? నిరాశ్రయ మాజీ సైనికులతో పనిచేసేవారి చర్చ

సంధ్యారాగం (చర్చ ప్రారంభం)

మిత్రులందరికీ నమస్కారం. అమెరికాలో నిరాశ్రయులైన మాజీ సైనికుల కోసం పనిచేసే ఒక బృందంలో నేను వ్యసన చికిత్సకురాలిని. షెల్టర్లలో, వంతెనల కింద, కార్లలో కాలం గడుపుతున్నవారిని కలిసి, తాగుడు నుంచో మాదకద్రవ్యాల నుంచో బయటపడాలనుకునేవారికి తోడుగా నిలవడం, వారికి అద్దె వోచరు (అద్దెలో కొంత భాగాన్ని ప్రభుత్వం చెల్లించే పత్రం) మంజూరై ఇల్లు కుదిరిన తరువాత కూడా ఆ చికిత్సను కొనసాగించడం నా బాధ్యత. ఇందులో ఈ రెండో సగమే నాకు కొరుకుడుపడటం లేదు.

షెల్టర్‌లో ఉన్నంతకాలం చికిత్స గ్రూపుకు తప్పకుండా వచ్చిన వ్యక్తి, ఇంటి తాళాలు చేతికొచ్చి నెల తిరగకముందే కనిపించడం మానేస్తున్నాడు. ఫోన్ ఎత్తడు. ఎత్తినా "బాగానే ఉన్నాను, వచ్చే వారం వస్తాను" అని పెట్టేస్తాడు. ఇంటికి వెళ్లి చూస్తే కొందరు నిజంగానే బాగున్నారు, కొందరు మాత్రం వీధిలో ఉన్నప్పటికంటే ఎక్కువ తాగుతున్నారు, అదీ తలుపు గడియ పెట్టుకుని ఒంటరిగా. దీన్ని చూసి మా బృందంలో కొందరు "ముందు మానిపించి, ఆ తరువాతే ఇల్లు ఇవ్వాల్సింది" అంటున్నారు. నా మనసు ఆ మాటను ఒప్పుకోవడం లేదు, కానీ గట్టిగా బదులు చెప్పగలిగినంత అనుభవం నాకింకా లేదు.

ఇల్లు దొరికిన తొలి నెలల్లో చికిత్సను ఎలా నడపాలి? మళ్లీ మొదలుపెట్టానని ఒక వ్యక్తి నన్ను నమ్మి చెప్పిన మాట ఎవరెవరికి చేరవచ్చు, ఎవరికి చేరకూడదు? ఈ రెండు విషయాల్లో ఈ రంగంలో ఉన్నవారి అనుభవం వినాలని ఉంది.

---

తాళంచెవి

సంధ్యారాగం గారూ, నేను మీకు అవతలి వైపు మనిషిని. వోచర్లు, లీజులు, ఇంటి యజమానులతో మాటలు, అద్దె బకాయిలు, ఇదంతా నా పని. మీ బృందంలో వినిపిస్తున్న వాదన కొత్తది కాదు కాబట్టి ముందు దాని పూర్వాపరాలు కొంచెం చెబుతాను.

ఒకప్పుడు నిరాశ్రయులకు ఇల్లు ఒక మెట్లవరుస చివర ఉండేది. షెల్టర్, తరువాత చికిత్సా కేంద్రం, తరువాత తాత్కాలిక వసతి, ఇన్ని దాటి మద్యం ముట్టకుండా ఉన్నానని రుజువు చేసుకున్నవారికే చివరికి సొంత తలుపు. ఈ మెట్ల మధ్యలో జారిపోయినవారే ఎక్కువగా వీధిలో మిగిలేవారు. 1992లో న్యూయార్క్‌లో శామ్ సెంబెరిస్ అనే మనస్తత్వవేత్త పాత్‌వేస్ టు హౌసింగ్ అనే సంస్థ ద్వారా ఈ వరుసను తలకిందులు చేసి, ముందు ఇల్లు ఇచ్చి, చికిత్సను ఆ వ్యక్తి ఇష్టానికి వదిలి, సేవలను మాత్రం గుమ్మం దాకా తీసుకువెళ్లడం మొదలుపెట్టారు. మాజీ సైనికుల విషయంలో గృహనిర్మాణ శాఖ వోచరునూ, వెటరన్స్ శాఖ (మాజీ సైనికుల వ్యవహారాల శాఖ) కేస్ మేనేజ్‌మెంటునూ (ఒక్కొక్కరికీ కావలసిన సేవలను సమకూర్చే పనినీ) కలిపిన హడ్-వాష్ పథకం కూడా 1992లోనే పుట్టింది కానీ, 2008 నుంచి ఏటా కొత్త వోచర్లకు నిధులు రావడంతోనే అది పెద్దదైంది. దేశవ్యాప్తంగా ఒక జనవరి రాత్రి జరిపే లెక్కింపులో 2010లో 74,000 మందికి పైగా ఉన్న నిరాశ్రయ మాజీ సైనికులు 2024 నాటికి 33,000 లోపుకు తగ్గారు. ఈ తగ్గుదల వెనుక ఈ వోచర్ల పాత్ర చాలా ఉంది.

అయితే ఇక్కడ ఒక నిజాన్ని దాచకుండా చెప్పుకోవాలి. ఇల్లు ముందు ఇవ్వడం వల్ల మనిషి ఆ ఇంట్లో నిలబడతాడని పరిశోధనలు గట్టిగా చెబుతున్నాయి. తాగుడు దానంతటదే తగ్గిపోతుందని మాత్రం అవి చెప్పడం లేదు. కెనడాలో ఐదు నగరాల్లో 2,000 మందికి పైగా పాల్గొన్న అధ్యయనంలో, ముందు ఇల్లు ఇచ్చినవారినీ మామూలు సేవలు మాత్రమే అందినవారినీ పోల్చినప్పుడు కూడా ఇంటి స్థిరత్వంలో పెద్ద తేడా కనిపించింది గానీ, మాదకద్రవ్యాల వాడకంలో రెండు వర్గాలకూ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అంటే ఇల్లు ఇచ్చాక తాగుతున్నారన్నది ఆ విధానం విఫలమైందనడానికి సాక్ష్యం కాదు, అక్కడి నుంచి జరగాల్సిన పని మీదేనని చెప్పే సూచన. ఇల్లు చేయగలిగినంత ఇల్లు చేసింది.

ఇక మనుషులు రావడం మానేయడానికి కారణాల్లో సగం చాలా మామూలువి. మీ గ్రూపు షెల్టర్ పక్కనే జరుగుతుంది. వోచరుకు ఒప్పుకునే యజమాని దొరికిన ఇల్లు ఊరికి ఆ చివర ఉంటుంది. ఉదయం తొమ్మిదింటికి గ్రూపు, రాత్రంతా నిద్రలేని మనిషి, మధ్యలో రెండు బస్సులు మారాలి. మనసు మారిందని అనుకునే ముందు ఒకసారి ఆ దారిలో మీరే ప్రయాణం చేసి చూడండి.

---

పాతసిపాయి

అమ్మా సంధ్యారాగం, నేను సైన్యంలో పనిచేశాను, తరువాత చాలాకాలం వీధిలో ఉన్నాను, మద్యం మానేసి ఇప్పుడు తోటివారికి సహాయకుడిగా పనిచేస్తున్నాను. నువ్వడిగిన మొదటి ప్రశ్నకు నాకు తెలిసినంతలో చెబుతాను.

సైనికుడు ఒంటరిగా నిద్రపోవడానికి శిక్షణ పొందడు. బ్యారక్‌లో పక్కన మనిషి ఉంటాడు, గస్తీలో ఒకరు పడుకుంటే ఒకరు కాపలా ఉంటారు. వీధిలో కూడా మేము అలాగే బతికాము, ఒకడు నిద్రపోతే ఇంకొకడు సామాను చూసేవాడు. షెల్టర్ ఎంత గోలగా ఉన్నా చుట్టూ మనుషుల ఊపిరి వినిపిస్తుంది. అలాంటి మనిషికి నాలుగు గోడలు, ఒక తలుపు ఇచ్చి లోపల వదిలేస్తే, మొదటి రాత్రి వచ్చేది సంతోషం మాత్రమే కాదు. పైఅంతస్తులో అడుగుల చప్పుడు ఎవరిదో తెలియదు, ఫ్రిజ్ ఆగి మళ్లీ మొదలైన శబ్దానికి ఉలిక్కిపడతాడు. మంచం ఇచ్చినా తలుపు కనిపించే చోట నేల మీదే పడుకునేవారు నాకు చాలామంది తెలుసు. ఆ రాత్రులు దాటడానికి వారికి తెలిసిన మందు సీసాయే. కనుక ఇంటికి వెళ్లినప్పుడు "తాగుతున్నావా" అన్న ప్రశ్నతో మొదలుపెట్టవద్దు. "రాత్రి ఎలా గడిచింది, ఎక్కడ పడుకుంటున్నావు" అని అడుగు. నిద్ర గురించి మాట్లాడటంలో సిగ్గు లేదు కాబట్టి మనిషి నోరు విప్పుతాడు. తాగుడు సంగతి దానివెంటే వస్తుంది, నువ్వు లాగనవసరం లేదు.

ఇంకో మాట. గ్రూపులో అతనికి ఒక పని ఉండేది: కుర్చీలు సర్దడమో, కొత్తగా వచ్చినవాడికి దారి చూపడమో. ఇల్లు వచ్చాక అతను కేవలం సేవలు పొందే మనిషిగా మిగిలిపోయాడు. సైన్యంలో ఉన్నవాడికి తన అవసరం ఎవరికైనా ఉందన్న భావనే వెన్నెముక. ఇల్లు దొరికిన వెంటనే, తరువాత ఇల్లు దొరకబోయే మనిషికి సామాను మోయడానికి అతన్ని పిలవండి. రమ్మంటే రాని మనిషి, సాయం కావాలంటే వస్తాడు.

తాళంచెవి గారి మాటలతో ఒకచోట మాత్రం నేను కలవను. మద్యం లేని వసతి కోరుకునేవారు నిజంగా ఉన్నారు. పక్కగదిలో సీసా చప్పుడు వినిపిస్తే నేను నిలబడగలిగేవాణ్ణి కాదు. షరతు పెట్టడం వేరు, కోరుకున్నవాడికి అలాంటి చోటు ఉండటం వేరు. ఈ రెండో రకాన్ని మన వ్యవస్థ మరచిపోకూడదు.

---

వైద్యమిత్ర

మనోవైద్యుడిగా కొన్ని ప్రమాదాల గురించి ఇక్కడ రాయడం అవసరమనిపిస్తోంది, ఎందుకంటే కొత్త ఇల్లు వైద్యపరంగా కూడా ప్రమాదకరమైన ఘట్టమే.

రోజూ ఎక్కువగా తాగేవ్యక్తి "కొత్త ఇంట్లో కొత్త జీవితం" అనుకుని ఉన్నపళంగా మానేస్తే, చివరిసారి తాగిన సుమారు ఆరు గంటల తరువాత నుంచి వణుకు, చెమటలు, ఆందోళన మొదలవుతాయి. తొలి రెండు రోజుల్లో మూర్ఛలు రావచ్చు. రెండో రోజుకూ నాలుగో రోజుకూ మధ్య మతిభ్రమతో కూడిన డెలీరియం ట్రెమెన్స్ రావచ్చు, అది ప్రాణాంతకం. గతంలో చాలాసార్లు మాని మళ్లీ మొదలుపెట్టినవారిలో ఈ లక్షణాలు ప్రతిసారీ మరింత తీవ్రంగా వచ్చే అవకాశం ఉంది. షెల్టర్‌లో అయితే ఎవరో ఒకరు చూస్తారు, ఒంటరి ఇంట్లో చూసేవారు ఉండరు. కాబట్టి తాళాలు ఇచ్చే రోజుకు ముందే "మానాలనిపిస్తే ముందు నాకు చెప్పండి, ఒక్కరే ప్రయత్నించవద్దు" అని స్పష్టంగా చెప్పాలి. సరిగా తినని, దీర్ఘకాలం తాగినవారికి థయమిన్ (బీ1 విటమిన్) ఇవ్వడం మరచిపోకూడదు, ఆ లోటు మెదడుకు శాశ్వత నష్టం తెస్తుంది.

ఓపియాయిడ్ల (హెరాయిన్, ఫెంటానిల్ వంటి మత్తుపదార్థాల) విషయంలో ప్రమాదం వేరే దిశ నుంచి వస్తుంది. డీటాక్స్ (శరీరం నుంచి మత్తును వదిలించే చికిత్స) నుంచో, జైలు నుంచో, చికిత్సా కేంద్రం నుంచో నేరుగా ఇంటికి వచ్చిన వ్యక్తికి శరీరపు తట్టుకునే శక్తి పడిపోయి ఉంటుంది. పాత మోతాదే ఇప్పుడు చంపుతుంది, పైగా వీధిలో దొరికేదాంట్లో ఫెంటానిల్ ఎంతుందో ఎవరికీ తెలియదు. ఓపియాయిడ్ల మోతాదు మించినప్పుడు ప్రాణం నిలిపే నలోక్సోన్ ముక్కు స్ప్రే 2023 నుంచి అమెరికాలో వైద్యుని చీటీ లేకుండా కూడా దొరుకుతోంది, దాన్ని ప్రతి ఇంట్లో ఉంచాలి. అయితే తనకు తాను ఎవరూ నలోక్సోన్ ఇచ్చుకోలేరు కాబట్టి, పక్కింటివారికో, తరచూ వచ్చే స్నేహితుడికో దాన్ని వాడటం నేర్పాలి. ఒంటరిగా వాడేవారికి ఫోన్‌లో తోడుండి, స్పందన ఆగితే అత్యవసర సేవలను పంపే లైన్లు ఉన్నాయి, వాటి గురించి చెప్పడం వాడకాన్ని ప్రోత్సహించడమని నేను అనుకోను. బతికి ఉన్నవారికే మనం చికిత్స చేయగలం.

మందుల విషయంలో మన రంగంలో ఇప్పటికీ అనవసరమైన సంకోచం ఉంది. ఓపియాయిడ్ వ్యసనానికి వాడే బ్యూప్రెనార్ఫిన్ రాయడానికి వైద్యులకు ప్రత్యేక అనుమతి అవసరమన్న నిబంధన 2022 డిసెంబరులో రద్దయింది. నాలుక కింద పెట్టుకునే రూపం వీధిలో దొంగల పాలవుతుందని భయపడేవారికి నెలకొకసారి ఇచ్చే ఇంజెక్షన్ ఉంది. మద్యానికి నాల్ట్రెక్సోన్ మాత్రగా రోజూ గానీ, 380 మిల్లీగ్రాముల ఇంజెక్షన్‌గా నెలకొకసారి గానీ ఇవ్వవచ్చు, కానీ ఓపియాయిడ్లు శరీరంలో ఉన్నవారికి ఇస్తే తీవ్రమైన విత్‌డ్రాయల్ (మత్తు ఆగినప్పుడు వచ్చే బాధాకర లక్షణాలు) వస్తుంది కాబట్టి కనీసం వారం పదిరోజుల ఎడం చూసుకోవాలి. మద్యానికే వాడే అకాంప్రోసేట్ కాలేయం దెబ్బతిన్నవారికి అనువైనదే గానీ, రోజుకు మూడుపూటలా వేసుకోవాల్సిన మందు, రోజుకొక క్రమం అంటూ లేని మనిషికి కష్టం. ఇల్లు వచ్చాక ఆ క్రమం సాధ్యపడుతుంది, కాబట్టి వీధిలో కుదరని మందును ఇంట్లో మళ్లీ ప్రయత్నించవచ్చని గుర్తుపెట్టుకోండి.

ఆత్మహత్య ఆలోచనల గురించి ప్రతి సందర్శనలోనూ అడగండి. అమెరికా మాజీ సైనికుల ఆత్మహత్యల్లో పదింట ఏడుకు పైగా తుపాకీతో జరిగేవే. ఇల్లు వచ్చినప్పుడు, ఎక్కడో బంధువుల దగ్గర దాచిన తుపాకీ కూడా ఇంటికి వస్తుంది. అది ఎక్కడ ఉంది, తాళం ఎవరి దగ్గర ఉంది అన్నది మర్యాదగా, తీర్పు లేకుండా అడగాల్సిన ప్రశ్న. 988కి ఫోన్ చేసి 1 నొక్కితే వెటరన్స్ క్రైసిస్ లైన్ (మాజీ సైనికుల అత్యవసర సహాయ ఫోన్) పలుకుతుందని ఫ్రిజ్ మీద రాసి అంటించండి.

---

నియమం

నేను మద్యం, మాదకద్రవ్యాలు నిషిద్ధమైన ఒక వసతి గృహాన్ని చాలాకాలం నడిపాను. నా అభిప్రాయం ఇక్కడ చాలామందికి నచ్చకపోవచ్చు, అయినా చెప్పడం నా ధర్మం.

ఒకే భవనంలో మాజీ సైనికులు పదుల సంఖ్యలో ఉన్నప్పుడు ఒకరి వాడకం ఒకరి సొంత వ్యవహారంగా మిగలదు. అమ్మేవాళ్లు వాసన పట్టి వస్తారు. బలహీనంగా ఉన్న ఒక మనిషిని మంచి చేసుకుని, అతని ఇంట్లో తిష్ఠ వేసి, చివరికి అతన్నే బయటికి నెట్టేంత వరకు వస్తారు. వచ్చిన స్నేహితులను వెళ్లిపొమ్మనలేక, తన ఇంటికి తానే దూరంగా కార్లో పడుకున్న మనిషిని నేను చూశాను. షరతులు ఉన్నచోట కనీసం "ఇక్కడి నియమం ఒప్పుకోదు" అని చెప్పి తలుపు వేసుకునే వీలుంటుంది. ఆ వీలు బలహీనుడికి ఒక రక్షణ. ఇంటి స్థిరత్వం గురించి మాట్లాడే అధ్యయనాలు ఈ సంగతిని ఎంతవరకు పట్టించుకుంటాయో నాకు సందేహమే.

---

తాళంచెవి

నియమం గారూ, మీరు చెప్పిన ఇల్లు ఆక్రమించుకునే సమస్యను నేనూ చూశాను, అది నిజమైన బాధ. కానీ ఆ మనిషిని కాపాడేది ఏమిటో ఆలోచిద్దాం. తాగితే ఇల్లు పోతుందన్న భయం ఉన్నచోట, అతను అమ్మేవాడి గురించి మీతో చెప్పలేడు, చెబితే తన వాడకం కూడా బయటపడుతుంది. ఆ భయం లేనిచోట "నా ఇంట్లో నలుగురు తిష్ఠ వేశారు, నేను వెళ్లగొట్టలేకపోతున్నాను" అని వచ్చి చెప్పినవారు నాకు ఉన్నారు. అప్పుడు తాళం మార్చడం, అతిథుల నియమాన్ని లీజు ప్రకారం అమలు చేయించడం, అవసరమైతే వేరే ఇంటికి మార్చడం నా చేతిలో ఉన్న పనులు. షరతులు లేవంటే లీజు లేదని కాదు. శబ్దం, హింస, అద్దె ఎగవేత విషయంలో అందరు అద్దెదారులకూ వర్తించే నియమాలే వీరికీ వర్తిస్తాయి.

పాతసిపాయి గారు చెప్పినట్టు కోరుకున్నవారికి మద్యంలేని వసతి ఉండాలన్న మాటను మాత్రం పూర్తిగా ఒప్పుకుంటాను. మీ గృహం లాంటివి ఉండాల్సిందే, కానీ ఉన్న ఏకైక దారి అదే కాకూడదు. అక్కడ జారిపడిన మనిషి అదే రాత్రి మళ్లీ వీధిలో పడకుండా వెళ్లడానికి మరో తలుపు ఉండాలి.

---

నియమం

చివరి మాటతో నాకు పేచీ లేదు. మా దగ్గర నుంచి అర్ధరాత్రి పంపించిన మనుషుల గురించి నేను ఇప్పటికీ ఆలోచిస్తుంటాను. వెంటనే చేర్చుకునే మరోచోటు సిద్ధంగా ఉన్నప్పుడే బయటికి పంపాలన్నది ఇలాంటి గృహాలన్నిటికీ లిఖితపూర్వక నిబంధనగా ఉండాలి.

---

అంతర్వాహిని

మనస్తత్వవేత్తను. ఒక పాత అధ్యయనం ఈ చర్చకు చాలా దగ్గరగా ఉంది కనుక ప్రస్తావిస్తాను. 1971లో వియత్నాం నుంచి తిరిగివచ్చిన సైనికులను లీ రాబిన్స్ అనే పరిశోధకురాలి బృందం వెంబడించి పరిశీలించింది. అక్కడ ఉండగా దాదాపు ఐదుగురిలో ఒకరు తాము హెరాయిన్ వంటివాటికి బానిసలమయ్యామని చెప్పుకున్నారు. వారిలో స్వదేశానికి వచ్చిన మొదటి ఏడాదిలో మళ్లీ బానిసలైనవారు సుమారు 5 శాతమే. వ్యసనమంటే తప్పించుకోలేని విధి అనుకునే ఆనాటి నమ్మకాన్ని ఈ ఫలితం కుదిపేసింది.

దీన్నుంచి "చోటు మారిస్తే చాలు" అన్న నిర్ణయానికి చాలామంది తొందరపడతారు. అలా తీసుకోకూడదు. ఆ సైనికుల్లో ఎక్కువమంది తిరిగి వెళ్లింది కుటుంబానికి, ఉద్యోగానికి, పాత స్నేహితులకు. వాడకానికి సంబంధించిన మనుషులు, గుర్తులు, సందర్భాలు సముద్రం అవతల ఉండిపోయాయి. మన దగ్గరికి వచ్చే నిరాశ్రయుడి పరిస్థితి సరిగ్గా దీనికి తలకిందులు: అతను వదిలి వెళ్తున్న వీధిలోనే అతని స్నేహితులున్నారు, కొత్త ఇంట్లో ఎవరూ లేరు. కాబట్టి సంధ్యారాగం గారి మనుషులు పాత చోటికి తిరిగి వెళ్తున్నారంటే, అందులో మత్తు కోసం వెళ్లడం ఎంతో, మనుషుల కోసం వెళ్లడం అంతే. చికిత్సా ప్రణాళికలో "పాత స్నేహితులకు దూరంగా ఉండాలి" అని రాసి ఊరుకుంటే, అతనికి మిగిలేది శూన్యం. ఎవరితో కలవవచ్చు, ఎక్కడ, ఏ వేళలో అన్నది అతనితో కూర్చుని ఒక్కొక్కరి పేరు పెట్టి మాట్లాడటం మేలు.

మనసుకు తగిలిన గాయాల మాటకొస్తే, పీటీఎస్‌డీ (భయానక అనుభవాల తరువాత వెంటాడే మానసిక ఒత్తిడి రుగ్మత) అన్న రోగనిర్ధారణ 1980లో అధికారికంగా వైద్య వర్గీకరణలోకి వచ్చింది. దాదాపు అప్పటి నుంచే "ముందు తాగుడు మాను, ఆపైన ఆఘాతానికి చికిత్స చేద్దాం" అన్న ఆనవాయితీ పాతుకుపోయింది. ఇప్పుడున్న ఆధారాలు దాన్ని సమర్థించడం లేదు. రెండింటికీ ఒకేసారి చికిత్స చేయవచ్చు, చేయాలి కూడా. తాగుతున్నంతకాలం పీడకలల చికిత్స నిరాకరించడమంటే, ఆ పీడకలలకు అతను కనిపెట్టుకున్న ఏకైక మందును మాత్రం మానమని కోరడమే. ఎవరికి దీర్ఘకాల ఎక్స్‌పోజర్ (ఆ జ్ఞాపకాలను క్రమంగా ఎదుర్కొనే చికిత్స) సరిపడుతుంది, ఎవరికి లిసా నజావిట్స్ రూపొందించిన సీకింగ్ సేఫ్టీ వంటి వర్తమానంపై దృష్టి పెట్టే పద్ధతి సరిపడుతుంది అన్నది మనిషిని బట్టి నిర్ణయించుకోవాలి.

ఒక హెచ్చరిక: భయం వల్ల కలిగే గాయం వేరు, తాను చేసినదాని వల్లనో, ఆపలేకపోయినదాని వల్లనో కలిగే అపరాధభావం వేరు. రెండోదాన్ని నైతిక గాయం అంటున్నారు. "అందులో మీ తప్పేమీ లేదు" అన్న ఓదార్పు అలాంటి మనిషిని మరింత ఒంటరిని చేస్తుంది, ఎందుకంటే అక్కడ ఏం జరిగిందో మనకు తెలియదని అతనికి తెలుసు. మొదట పూర్తిగా వినండి.

---

అపరాజిత

ఇంతవరకు చర్చంతా "అతను" అనే సాగింది. మహిళా మాజీ సైనికుల గురించి కూడా మాట్లాడాలి.

వీరు లెక్కింపు రాత్రి వీధిలో కనిపించరు. పిల్లలతో కార్లో, స్నేహితురాలి సోఫా మీద, కొట్టే మనిషి ఇంట్లో ఉంటారు. వెటరన్స్ శాఖ వైద్యులు అడిగినప్పుడు సైన్యంలో లైంగిక వేధింపును గానీ, దాడిని గానీ ఎదుర్కొన్నామని చెప్పినవారు మహిళల్లో దాదాపు ముగ్గురిలో ఒకరు, పురుషుల్లో యాభై మందిలో ఒకరు. అలాంటి స్త్రీని పురుషులే నిండిన గ్రూపులో కూర్చోబెట్టి, రాకపోతే "సహకరించడం లేదు" అని రాయడం అన్యాయం. దీనికి సంబంధించిన చికిత్స వెటరన్స్ శాఖలో ఉచితం, ఆ సమయంలో ఫిర్యాదు చేసి ఉండాలన్న నియమం కూడా లేదు. ఈ సంగతి చాలామందికి ఎవరూ చెప్పలేదు. పురుషులకు కూడా చెప్పాలి, అడిగినవారు లేక జీవితమంతా దాచుకున్నవారు వారిలోనూ ఉన్నారు.

మద్యం తొలి పరీక్షగా వాడే మూడు ప్రశ్నల ఆడిట్-సీలో పురుషులకు 4 మార్కులు హద్దయితే స్త్రీలకు 3. దాన్ని ఒకే హద్దుగా చూసే అలవాటు చాలాచోట్ల ఉంది. అన్నిటికంటే పెద్ద అడ్డంకి మాత్రం పిల్లలు. తాగుతున్నానని ఒప్పుకుంటే పిల్లలను తీసుకుపోతారన్న భయంతో చికిత్స గడప తొక్కనివారు చాలామంది. పిల్లల గురించి అధికారులకు తెలియజేయాల్సిన మీ బాధ్యతలు ఏమిటో, ఎక్కడ మొదలవుతాయో మొదటి రోజే నిజాయితీగా చెప్పడం ఒక్కటే ఆ భయానికి విరుగుడు.

---

సంధ్యారాగం

అందరికీ కృతజ్ఞతలు. పాతసిపాయి గారూ, నిద్ర గురించి అడగమన్న మీ సలహాను ఇప్పటికే పాటించడం మొదలుపెట్టాను. చాలాకాలంగా తలుపు తీయని ఒక పెద్దాయన నిన్న గుమ్మంలోనే నిలబడి రాత్రుళ్ల గురించి మాట్లాడారు.

అపరాజిత గారి చివరి మాట నా రెండో ప్రశ్నకు దగ్గరగా వచ్చింది. నాతో చెప్పిన మాట ఎక్కడి వరకు వెళ్తుందో నాకే తెలియకపోతే, వారికి ఏమని హామీ ఇవ్వగలను? ఇంకో సందేహం కూడా ఉంది: మెథాంఫెటమైన్ (కొకైన్ లాంటి ఉత్తేజక మత్తుపదార్థం) వాడేవారి విషయంలో మందులేవీ లేవంటున్నారు, మరి ఏం చేయాలి?

---

దస్త్రం

రికార్డులు, అనుమతుల వ్యవహారం చూసేదాన్ని కాబట్టి మొదటిదానికి నేను చెబుతాను. మీరు వెటరన్స్ శాఖ ఉద్యోగి అయితే వ్యసన చికిత్స రికార్డులకు అమెరికా ఫెడరల్ చట్టాల 38వ టైటిల్‌లోని 7332 సెక్షన్ వర్తిస్తుంది. ఫెడరల్ సహాయం పొందే బయటి సంస్థ అయితే సాధారణంగా 42 సీఎఫ్ఆర్ పార్ట్ 2 అనే ఫెడరల్ నిబంధనలు వర్తిస్తాయి. రెండింటి సారం ఒకటే: వ్యసన చికిత్స సమాచారానికి మామూలు వైద్య సమాచారం కంటే గట్టి రక్షణ ఉంది. ఇంటి యజమానికి గానీ, వోచరు ఇచ్చే గృహ సంస్థకు గానీ, బంధువులకు గానీ ఆ వ్యక్తి రాతపూర్వక అనుమతి లేకుండా చెప్పకూడదు. వైద్య అత్యవసరం, పిల్లలపై హింస వంటి కొన్ని మినహాయింపులున్నాయి. అదే శాఖలో, అదే చికిత్సా బృందంలో ఉన్న కేస్ మేనేజరుకు పని నిమిత్తం తెలియాల్సిన మేరకు తెలియవచ్చు. తెలిసిన సంగతిని అతను యజమానికి మోయకూడదు.

చట్టం ఇంతవరకు చెబుతుంది. నమ్మకం దీనికంటే ముందే ఏర్పడాలి. తాళాలు ఇవ్వకముందే మీరు, కేస్ మేనేజరు, ఆ వ్యక్తి ముగ్గురూ ఒకచోట కూర్చుని "మళ్లీ మొదలైతే ఎవరికి ఏమని చెప్పమంటారు, ఎవరికి చెప్పవద్దంటారు" అని అతన్నే అడిగి, అతని మాటల్లోనే రాసుకోండి. అనుమతి పత్రంలో ఎవరికి, ఏ సమాచారం, ఎంతకాలం అన్నవి విడివిడిగా ఉండాలి. అనుమతిని ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చని కూడా చెప్పాలి. ఖాళీ పత్రం మీద సంతకం తీసుకుని తరువాత నింపే అలవాటు ఉంటే ఈరోజే మానిపించండి.

---

వైద్యమిత్ర

మెథాంఫెటమైన్, కొకైన్‌లకు ఆమోదం పొందిన మందు లేకపోయినా గట్టి ఆధారమున్న చికిత్స ఉంది. దాన్ని కాంటింజెన్సీ మేనేజ్‌మెంట్ అంటారు. మూత్ర పరీక్షలో మత్తుపదార్థం కనిపించని ప్రతిసారీ గాజు గిన్నెలోంచి చీటీలు తీసే అవకాశం ఇస్తారు. కొన్ని చీటీల మీద అభినందన మాత్రమే ఉంటుంది, కొన్నిటికి కూపన్లు వస్తాయి. వరసగా నెగ్గుతున్నకొద్దీ తీసే చీటీల సంఖ్య పెరుగుతుంది. నాన్సీ పెట్రీ అనే పరిశోధకురాలు తీర్చిదిద్దిన ఈ పద్ధతిని వెటరన్స్ శాఖ 2011 నుంచి తన కేంద్రాల్లో అమలు చేస్తోంది. "మానినందుకు బహుమతులా" అని అభ్యంతరపడేవారు ఉన్నారు. మత్తు తక్షణమే ఫలితమిస్తుంది, మానడం వల్ల మేలు నెలల తరువాత వస్తుంది. ఈ ఎడాన్ని పూడ్చడానికి చిన్న తక్షణ ప్రతిఫలం పనిచేస్తోంది, దాన్ని మనుషులకు అందకుండా చేయడానికి నాకు కారణం కనిపించదు.

పరీక్షలో మత్తు కనిపించినా అతన్ని మందలించకూడదు, ఆ రోజు చీటీ లేదు, అంతే. సంధ్యారాగం గారికి దీనివల్ల మరో లాభం ఉంది. వారానికి రెండుసార్లు కేంద్రానికి రావడానికి ఇదొక కారణమవుతుంది. ఇల్లు వచ్చాక మాయమయ్యేవారి సమస్యకు కూడా ఇది కొంత జవాబే.

---

పాతసిపాయి

అమ్మా, ఒక సంగతి అడగలేదు గానీ నేనే చెబుతాను. ఈ పనిలో మనుషులు చనిపోతారు. ఇల్లు వచ్చిన తరువాత కూడా చనిపోతారు. అప్పుడు బృందం మరుసటి కేసులోకి వెళ్లిపోకూడదు. ఒక సభ పెట్టి అతని యూనిట్ పేరు, అతను చేసిన పని చెప్పుకోవాలి. సైన్యంలో అంత్యక్రియల మర్యాదలకు అతనికి అర్హత ఉందేమో కనుక్కోవాలి. మిగతా మనుషులు చూస్తుంటారు, తాము పోయినా ఇలాగే తలుచుకుంటారా అని. నీకు కూడా ఎవరితోనైనా మాట్లాడే వేళ ఒకటి నీ పనివేళల్లోనే ఉండాలి, ఇంటికి వెళ్లాక మిగిలే సమయంలో పెట్టుకోవద్దు.

---

సంధ్యారాగం

పాతసిపాయి గారూ, తప్పకుండా. ఈ చర్చ చదివాక బృందం ముందు పెట్టబోయే ప్రతిపాదన రాసుకున్నాను. ఇల్లు కుదిరిన తొలి మూడు నెలల్లో చికిత్స ఇంటి దగ్గరే జరగాలి, మొదటి వారంలో సందర్శనలు ఎక్కువగా ఉండాలి. తాళాలు ఇవ్వడానికి ముందే అనుమతి పత్రం మీద సంభాషణ, నలోక్సోన్ శిక్షణ, విత్‌డ్రాయల్ గురించి మాట్లాడటం పూర్తి కావాలి. గ్రూపును రెండో చోట మధ్యాహ్నం పూట కూడా నడపాలి, మహిళలకు విడిగా ఉండాలి. మద్యంలేని వసతి కోరుకునేవారి పేర్లు విడిగా రాసి, అక్కడి నుంచి వెనక్కి వచ్చే దారి కూడా ముందే కుదుర్చుకోవాలి. తాగుతున్నందుకు ఎవరి చికిత్సనూ ఆపకూడదు.

తాళంచెవి గారూ, ఒక్క ప్రశ్న: మొదటి వారం సందర్శనల్లో కనీసం ఒకటి సాయంత్రం వేళ ఉండాలని నా ఉద్దేశం. మీ దగ్గర దీన్ని ఎవరు చేస్తారు?

---

తాళంచెవి

తోటి సహాయకులు, అంటే పాతసిపాయి గారి లాంటివారు. చీకటిపడే వేళకు ఇద్దరు కలిసి వెళ్తారు, ముందుగా ఫోన్ చేసి చెప్పి వెళ్తారు, ఎందుకంటే చెప్పకుండా తలుపు కొడితే ఆ శబ్దమే ఆ రాత్రి నిద్రను చెడగొడుతుంది. వారి పనివేళలను మధ్యాహ్నం నుంచి రాత్రి వరకు మార్చడానికి మాకు పై అధికారుల అనుమతి మాత్రమే కావాల్సి వచ్చింది, అదనపు నిధులు అవసరం పడలేదు. మీ ప్రతిపాదనలో ఆ మాట కూడా రాయండి.